వెనుకవైపు అక్షరాలు లేవు

మే నెల రెండోవారంలో ఒక పొద్దున, నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోని తన ఇంటి వరండాలో కూర్చుని పేపరు చూస్తున్న విజయ్‌కుమార్‌కు తమ్ముడు ప్రేమ్‌చంద్ ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, మన పొలం గట్టున పోచమ్మ రాయి లేదూ, అది పడిపోయింది."

"పడిపోవడమేమిటి?"

"కాలవకి సిమెంటు చేస్తున్నారుగా. మిషను గట్టు తవ్వుతుంటే ఒరిగి, బోర్లా పడింది. మనుషులకేం కాలేదులే. కానీ వీపంతా రాతే అన్నయ్యా, పైనుంచి కిందిదాకా. నువ్వేమో వెనకాల ఏమీ లేదని రాశావు గదా పుస్తకంలో."

ఆ చివరి మాటను ప్రేమ్‌చంద్ మామూలుగానే అన్నాడు. ఎత్తిపొడవడం అతనికి చేతకాదు. అయినా విజయ్‌కుమార్ కాఫీ గ్లాసును బల్లమీద పెట్టబోయి, బల్ల అంచు దొరక్క, నేలమీద పెట్టాడు.

"ధనుంజయ్ నీతో మాట్లాడతానంటున్నాడు. అదే, మా గుడి కమిటీ ప్రెసిడెంటు. నీ దగ్గరే చదివాట్ట. ఆదివారం నువ్వొచ్చి అందరిముందూ చదివి చెప్పాలి."

"చూద్దాం" అన్నాడు విజయ్‌కుమార్.

డెబ్బై ఏళ్ళ విజయ్‌కుమార్ అందులో ఇరవైఆరేళ్ళు మతాల చరిత్ర బోధించాడు. తండ్రి చెంచురామయ్య కృష్ణాజిల్లా నుంచి నిజాంసాగర్ నీళ్ళను నమ్ముకుని వచ్చి, ఎడపల్లి దాటాక గుండ్లవాయిలో భూమి కొని, చెరకు వేసి నిలదొక్కుకున్న మనిషి. కోస్తావాళ్ళ ఇళ్ళన్నీ ఒకచోట ఉండే ఆ వాడను ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. ఆ క్యాంపులో పుట్టిన కుర్రవాడు ఏ దేవుణ్ణీ నమ్మకుండా దేవుళ్ళ చరిత్రలో ప్రొఫెసరు కావడం చెంచురామయ్యకు చివరిదాకా అంతుపట్టలేదు. "మావాడు దేవుళ్ళకి పట్వారీ పని చేస్తన్నాడు" అని చెప్పుకునేవాడు. ఆ నిర్వచనాన్ని మించినది విజయ్‌కుమార్‌కు తర్వాత ఏ గ్రంథంలోనూ దొరకలేదు.

ఏటా మొదటి క్లాసులో అతను ఒకే పాఠం చెప్పేవాడు. దేవుడు ఉన్నాడా లేడా అన్నది మన డిపార్ట్‌మెంటు ప్రశ్న కాదు; ఎవరు, ఎప్పుడు, ఎవరి భూమిలో, ఏ దేవుణ్ణి నిలిపారన్నదే మన ప్రశ్న. ఆ పైన నల్లబల్లమీద రెండు వాక్యాలు రాసేవాడు. చూడనిది రాయవద్దు. చూసినది దాచవద్దు. పిల్లలు బుద్ధిగా నోట్సులో ఎక్కించుకునేవారు. రెండో వాక్యం పైకి చదివేటప్పుడు సార్ ఎప్పుడూ వాళ్ళవైపు తిరగడని ఎవరూ గమనించలేదు.

దానికి కారణం 1986 నాటిది. అప్పటికతను పరిశోధక విద్యార్థి. గుండ్లవాయి కాలవగట్టుకు ఆనుకుని ఛాతీ ఎత్తు రాయి ఒకటి నిలిచి ఉండేది. పైభాగాన కూర్చున్న మూర్తి, కింద ఆరు వరసల పాత కన్నడ లిపి. వెయ్యేళ్ళనాడు బోధన్ సీమలో జైనులు బాగా బతికిన కాలంనాటి తీర్థంకరుడి మూర్తి అది. ఊరికి మాత్రం తరతరాలుగా పోచమ్మ. పసుపూ కుంకుమా రెండంగుళాల మందాన పేరుకుని, తీర్థంకరుడి మొహం ఎప్పుడో అమ్మవారి మొహమైపోయింది. ఇందులో విజయ్‌కుమార్‌కు విడ్డూరమేమీ కనిపించలేదు. రాయి అదే; అందులో కాపురమున్న దైవం మారింది.

ఆ రాయికి దీపం పెట్టేది భీమవ్వ. రాయి చుట్టూ ఉన్న రెండెకరాలు అమ్మ భూమి అని ఆమె కుటుంబమే దున్నుకునేది. కాగితం లేదు, నోటిమాటే. అమ్మ విషయంలో ఊరు ఒక కట్టడి పెట్టుకుంది. ఎవరూ రాయి వెనక్కి పోరాదు. కడిగే ఆడవాళ్ళు కూడా పక్కలదాకా కడిగి చెయ్యి ఆపేస్తారు.

"ముందట ఏమన్న జేస్కో సారూ. ఈపు మాత్రం ముట్టకు" అంది భీమవ్వ. "అమ్మ ఈపు మనం జూస్తే, అమ్మ మనకు ఈపు జూపుతది."

ఆమె కాలవకు నీళ్ళకు పోయినప్పుడు అతను చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. గట్టుమట్టికీ రాతికీ మధ్య అరచెయ్యి పట్టే సందు ఉంది. వేళ్ళకు గాట్లు తగిలాయి. తిన్నగా, లోతుగా, ఒకదానికింద ఒకటి. నాలుగు వరసలు లెక్కపెట్టాక చెయ్యి దానంతటదే ఆగిపోయింది. బయటికి తీసేసరికి మోచేతిదాకా నల్లమట్టి. ఎదురుగా భీమవ్వ, బిందెతో.

ఆమె ఆ చెయ్యి చూసింది. బిందె వంచి, "చేతులు గడుక్కో సారూ" అంది.

పరిశోధన పత్రంలో అతను ఇలా రాశాడు: "వెనుకవైపు నునుపుగా ఉన్నది, అక్షరాలు లేవు. నిలిపిన చోటు గాని, నేల హద్దులు గాని ఎక్కడా చెప్పలేదు; కనుక ఇది వేరొకచోటి నుంచి తెచ్చి నిలిపిన రాయి కావచ్చును."

ఎవరూ అతణ్ణి అబద్ధం రాయమనలేదు. ఉన్నదని రాస్తే గైడు రాయిని తిప్పించమంటాడు. తిప్పబోతే ఊరు కర్రలతో వస్తుంది. తిప్పాక ఆ అక్షరాల్లో ఏముంటుందో తెలియదు, తండ్రేమో అప్పుడే ఆ రెండెకరాలు తన చెలకలో కలిసి ఉన్నాయని అంటున్నాడు. ఇన్ని భయాలను తలలో మోసుకుని బల్లముందు కూర్చున్నవాడి చేత ఆ వాక్యం తనంతట తానే రాయించుకుంది. చెంచురామయ్య ఆ పత్రం చదవనైనా లేదు. మూడేళ్ళ తర్వాత ఆయన వకీలు చదివాడు. బయటినుంచి తెచ్చిన రాయికి చుట్టూ భూమి ఎక్కడిదన్నాడు. కోర్టు విద్వాంసుడి మాటను గౌరవించింది. భీమవ్వ కుటుంబం కూలికి పోయింది.

విజయ్‌కుమార్‌కు అదే పత్రం మీద ఉద్యోగం వచ్చింది, అదే పత్రం పుస్తకమయింది, దానిమీదనే మైసూరుకూ పుణెకూ సెమినార్లకు పిలిచారు. ఏ సెమినారులోనైనా చివరి వరసలో ఎవరో చెయ్యెత్తితే అతని వీపున చెమట దిగేది, రాయి వెనక ఏముందని అడుగుతారేమోనని. ముప్పైఏడేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం వల్ల భయం తగ్గుతుందనుకునేవాళ్ళు భయాన్ని ఎరగరు.

ఈ పాతభయం పక్కన కిందటేడు కొత్తభయం ఒకటి వచ్చి కూర్చుంది. పట్టణంలో ఒక జూనియర్ లెక్చరరు క్లాసులో ఏదో దేవుడి గురించి ఏదో అన్నాడని, కాలేజీ గేటు ముందు అతణ్ణి కుర్చీమీద నిలబెట్టి చేతులు జోడించి క్షమాపణ చెప్పించారు. ఆ వీడియోను విజయ్‌కుమార్ పదకొండుసార్లు చూశాడు. అరుపులు కాదు అతణ్ణి వణికించింది. ఆ మనిషి చొక్కా జేబులోంచి సుద్దముక్క ఒకటి తొంగిచూస్తూ ఉంది.

శుక్రవారం ధనుంజయ్ స్వయంగా వచ్చాడు. నలభైఅయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా. వస్తూనే వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

"గుర్తువట్టిండ్రా సార్? తొంభైఎనిమిది బ్యాచ్. ఒకపారి క్లాసుల నుంచి ఎల్లగొట్టిండ్రు నన్ను."

"దేనికి?"

"ఫీల్డ్ వర్కు చెయ్యకుంట ఇంట్ల కూసోని రిపోర్టు రాసిన. చూడనిది ఎందుకు రాసినవ్ అని గరమైండ్రు." ధనుంజయ్ ప్రేమగా నవ్వాడు. "నా మంచికే చెప్పిండ్రు సార్. ఇప్పటిదాంక యాదికున్నది."

విజయ్‌కుమార్ కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

ధనుంజయ్ తన ఆలోచన విప్పి చెప్పాడు. గుండ్లవాయిలో పెద్ద శివాలయం. స్థలం ప్రేమ్‌చంద్ ఇస్తున్నాడు, ఆ రెండెకరాలే. చెంచురామయ్య పేరు పాలరాతి మీద చెక్కిస్తారు. పోచమ్మకు ఓ మూలన టైల్సు వేసిన గది. ఇప్పుడు దీపం పెడుతున్న అంజవ్వకు, అంటే భీమవ్వ కోడలికి, రాయి పక్కన ఆమె ఉంటున్న రేకుల షెడ్డు తీసేసినందుకు వేరేచోట ఏదైనా చూస్తారు.

"పాతకాలంల అక్కడ శివుని గుడి ఉండె అని ఆ రాయి మీద ఉన్నదని మీరు చెప్పాలె. మీ నోటితోని వస్తే ఆ వజన్ వేరే సార్."

"అలా రాసి ఉందో లేదో నేనింకా చూడలేదు ధనుంజయ్."

"చూస్తరు గద సార్. మీరే చూస్తరు, మీరే చదువుతరు. మాల ఎవ్వలకు రాదు గా లిపి. మీరేదంటే గదే."

లోపలి గుమ్మంలో నిలబడి భార్య ఉదయలక్ష్మి వింటూ ఉంది. ధనుంజయ్ లేచి, ఆమెకూ నమస్కారం పెట్టి, చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "ఇల్లు మంచిగున్నది సార్. ఇద్దరే ఉంటరు గద? ఆ లెక్చరర్ సారు లెక్క మీకేం తక్లీఫ్ రానియ్యం. మేమున్నం."

గేటు పడిన చప్పుడయ్యాక ఉదయలక్ష్మి వచ్చి కూర్చుంది. ముప్పైఏడేళ్ళనాటి వాక్యం సంగతి ఆమెకు తెలియదు. కానీ భర్త మొహం చదవడానికి ఆమెకు ఏ లిపీ నేర్చుకోనక్కరలేదు.

"వెళ్ళకండి. బీపీ పెరిగిందని నేను చెప్తాను."

"ఇవాళ పెరిగితే రేపు తగ్గుతుందని వాళ్ళకి తెలుసు."

"అయితే ఇన్నాళ్ళు పాఠం చెప్పిన దేవుళ్ళలో ఒక్కడైనా ఇప్పుడు అక్కరకొస్తాడేమో చూడండి" అని ఆమె లేచి వెళ్ళింది. హాస్యానికే అంది గాని, ముందు గేటుకు గొళ్ళెం పెట్టి వచ్చాకే వంటింట్లోకి పోయింది.

శనివారమంతా విజయ్‌కుమార్ తనను తాను విచారించుకున్నాడు. అక్షరాలు అరిగిపోయి ఉండవచ్చు. ఆ ఆశ ఒకటి. శివుడి పేరే ఉండవచ్చు. అది ఇంకో ఆశ. రెండో ఆశ పుట్టినందుకు అతను సిగ్గుపడ్డాడు. సాయంత్రం అలమర మీది రేకుపెట్టె దింపి దుమ్ము దులిపాడు. శాసనాల అచ్చు తీసే సామాను అందులో ఉంది. గట్టి కుచ్చుల బ్రష్షు, చుట్టచుట్టిన పలుచటి కాగితాలు, నల్లసిరా డబ్బా, పాతగుడ్డలో దూది మూటగట్టిన అద్దకం.

"చదవడానికి ఇవన్నీ ఎందుకు?" అంది ఉదయలక్ష్మి.

"అలవాటు" అన్నాడు. అప్పటికి అది నిజమే.

ఆదివారం ప్రేమ్‌చంద్ కారు తెచ్చాడు. ఎడపల్లి దాకా తోవపొడుగునా అతనే మాట్లాడాడు. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు పోయి అంతా వరే అయిందని, వరిలో మిగిలేది లేదని, నాన్న పేరు ఒక్కచోటైనా రాతిమీద ఉంటే చాలునని. "నువ్వు రెండు ముక్కలు చెప్తే అయిపోతుంది అన్నయ్యా. ఎందుకు అట్లా చెమటలు పట్టించుకుంటావు? ఏసీ పెంచనా?" విజయ్‌కుమార్ వద్దన్నాడు. ఏసీ పెంచితే అతని పళ్ళు టకటకలాడే ప్రమాదం ఉంది.

గుండ్లవాయిలో కాలవ ఎండిపోయి ఉంది. గట్టుపక్కన షామియానా, మైకు, రెండువందల మంది జనం. ప్రతి చేతిలోనూ ఫోను. మధ్యలో రాయి బోర్లా పడి ఉంది. దానిమీద ఎవరో పసుపుచీర ఒకటి కప్పారు. రాతి తలదగ్గర అరవైఏళ్ళు దాటిన ఒక ఆడమనిషి కాలవవైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ఆమే అంజవ్వ. ఆమె వాడకట్టు ఆడవాళ్ళు ఇరవైమంది దాకా ఆమె వెనకే కూర్చున్నారు, అందరూ రాతికి వీపులు తిప్పి. అమ్మ వీపు చూడకూడదు గనుక తమ వీపులు అమ్మకు చూపిస్తున్నారు.

విజయ్‌కుమార్ ఆమె దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. "అమ్మా, ఈ చీర తీయాలి. తీయనా?"

అంజవ్వ తల తిప్పలేదు. "తియ్యి సారూ. జేసీబీ నడిపేటోడు జూసిండు, సిమెంటు పనోళ్ళు జూసిర్రు, ఊరంత వచ్చి జూసింది. నువ్వొక్కనివి ఆగుడెందుకు? నీకు కొత్తనా?"

ఆమెకు తెలుసు. ఎంత తెలుసో తెలియదు.

చీర తీశాడు. పదకొండు వరసలు. తరతరాల మట్టి కప్పి కాపాడిన అక్షరాలు నిన్న చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి. చదవడానికి అతనికి రెండు నిమిషాలు పట్టలేదు. శివుడి పేరు లేదు. పోచమ్మ పేరూ లేదు. ఈ రాయి నిలిపిన చోటనే, దీని నలువైపులా ఉన్న నేలను, ఇక్కడ దీపం వెలిగించేవారి జీవనానికి ఇచ్చినట్టుంది. తూర్పున వాగు, దక్షిణాన నల్లగుండు, హద్దులతో సహా. ఇది తెచ్చిన రాయి కాదు. నాటిన రాయి.

ధనుంజయ్ పక్కకు వచ్చి వంగాడు. చొక్కా జేబులో ముందే టైపు చేయించి మడిచిన ప్రకటన కాగితం ఉంది. "శివుడే గద సార్?" అన్నాడు, మైకుకు వినబడనంత మెల్లగా.

ఆ పదకొండు వరసల అర్థం ఈ భూమ్మీద ఈ క్షణాన ఒక్క తన తలలోనే ఉంది. అక్కడున్నంతసేపూ అది ఎలాగైనా మారవచ్చు. ఇప్పుడు మైకు నోటిదగ్గర పెడితే తను "శివుడే" అంటాడు. ఈ సంగతి విజయ్‌కుమార్‌కు నిశ్చయంగా తెలుసు. ముప్పైఏడేళ్ళుగా అతను తనలోని ఆ మనిషిని ఎరుగును. నోటిని నమ్మడానికి వీల్లేదు. చేతులు మాత్రం వాటి పని అవి ఎరుగును.

"ముందు అచ్చు తీయాలి" అన్నాడు. "చదవడం తరవాత. రెండు బకెట్ల నీళ్ళు తెప్పించు."

"గిప్పుడా సార్? జనం ఎండల ఉన్నరు."

"నీకు నేర్పింది ఇదే కదా."

ధనుంజయ్ నీళ్ళు తెప్పించక తప్పలేదు.

విజయ్‌కుమార్ రాతిని కడిగాడు. కాగితం తడిపి పరిచి, గాలి బుడగలు నొక్కేసి, బ్రష్షుతో కొట్టడం మొదలుపెట్టాడు. టపటపమనే ఆ చప్పుడుకు జనం దగ్గరకు జరిగారు. "బట్టలుతికినట్టు ఉతుకుతుండు సారు" అని ఎవరో అంటే నవ్వులు. కాగితం ప్రతి గాటులోకీ దిగింది. కాస్త ఆరనిచ్చి, అద్దకాన్ని సిరాలో ముంచి పైపైన అద్దాడు. నల్లటి కాగితం మీద అక్షరాలు ఒక్కొక్కటే తెల్లగా లేచి వచ్చాయి. నవ్వులు ఆగిపోయాయి.

మెల్లగా ఒలిచి, షామియానా తాడుకు వేలాడదీశాడు. మళ్ళీ కాగితం తడిపాడు.

"ఒకటి చాలదా సార్?" అన్నాడు ధనుంజయ్.

"చాలదు."

మూడో అచ్చు తాడు ఎక్కేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. విజయ్‌కుమార్ మైకు అందుకున్నాడు.

"అందరూ వీటికి ఫోటోలు తీసుకోండి. స్పష్టంగా తీసుకోండి. ఈ లిపి చదివేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు, మైసూరులో ఉన్నారు, పుణెలో ఉన్నారు. నేనొక్కణ్ణే కాదు. ఈ పూటే వాళ్ళకి పంపండి. నేను ఒక్క అక్షరం తప్పు చెప్పినా వాళ్ళు పట్టుకుంటారు."

ఫోన్లు లేచాయి. అన్నివైపులా చిటుకుచిటుకుమన్నాయి. ఏ ఫోన్లను తలుచుకుని అతను ఏడాదిగా నిద్రపోలేదో ఆ ఫోన్లే. చివరి చెయ్యి దిగేదాకా ఆగాడు. ఇక తను అబద్ధం చెప్పినా అది నిలవదు. తన ఇంటి తాళంచెవిని తనే కాలవలోకి విసిరిన మనిషిలా నిలబడ్డాడు.

"గిట్ల జేస్తిరేంది సార్" అన్నాడు ధనుంజయ్. చిరునవ్వు ఇంకా అలాగే ఉంది. మొహంలో మిగతాదేదీ దానికి తోడు లేదు.

విజయ్‌కుమార్ చదివాడు. ముందు ఒక వరస, ఆపైన తెలుగులో దాని అర్థం. హద్దులు చదువుతున్నప్పుడు ముసలివాళ్ళు కొందరు తూర్పున వాగువైపు, దక్షిణాన నల్లగుండువైపు తలలు తిప్పి చూసుకున్నారు. చివరి వరసలో మామూలుగా అన్ని శాసనాల్లోనూ ఉండే శాపం ఉంది: ఈ నేలను హరించినవాడు మురికిలో పురుగై పుడతాడు. శాపాలకు చారిత్రక విలువే గాని మహిమ లేదని అతను ఎన్నో క్లాసుల్లో చెప్పాడు. అయినా ఆ వరస దగ్గర తమ్ముడివైపు చూడలేకపోయాడు.

"శివుని పేరు లేదా సార్?" గుంపులోంచి ఎవరో.

"లేదు."

"పోచమ్మ పేరు?"

"అదీ లేదు. రాయి జైనులది. వాళ్ళు పోయారు, దీపం మిగిలింది. దీపం పెట్టేవాళ్ళకి భూమి అని రాసి ఉంది. అంతవరకే రాసి ఉంది." గుక్క తిప్పుకున్నాడు. "ఇంకొక్క మాట. వెనుకవైపు అక్షరాలు లేవని ఎనభైఆరులో నేను రాశాను. అది పొరపాటు కాదు. చెయ్యి పెట్టి చూశాను. ఉన్నాయని తెలిసే లేవని రాశాను. ఆ వాక్యం పట్టుకునే కోర్టులో ఈ భూమి భీమవ్వ చెయ్యి జారింది. ఈ రాత వల్ల ఇప్పుడు తీర్పు మారుతుందో లేదో నాకు తెలియదు. ఆ తీర్పులో ఉన్న నా మాట మాత్రం అబద్ధం."

"మైకు బంద్ వెట్టుర్రి" అన్నాడు ధనుంజయ్.

మైకు ఆగిపోయింది. ఎవరూ అరవలేదు, ఎవరూ మీదికి రాలేదు. జనం రెండుమూడు ముద్దలుగా విడిపోయి గుసగుసలాడుకోసాగారు. విజయ్‌కుమార్‌కు కేకలకంటే అదే ఎక్కువ భయమేసింది. కేకలైతే ఎటునుంచి వస్తున్నాయో తెలుస్తుంది. ఒక మోటారుసైకిలు దగ్గర నలుగురు కుర్రాళ్ళు అతనివైపే చూస్తూ ఏదో మాట్లాడుకుంటున్నారు.

ప్రేమ్‌చంద్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"నాన్నకి ఇది తెలుసా?"

"తెలియదు."

"మరైతే నువ్వట్లా రాయకపోయినా నాన్న నిన్నేమీ అనేవాడు కాదు గదా. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? అప్పుడైనా, ఇప్పుడైనా?" జవాబు కోసం ఆగలేదు. కారు తలుపు పడిన చప్పుడు, దుమ్ము.

విజయ్‌కుమార్ తాడుమీది మొదటి అచ్చును తీసి చుట్టి అంజవ్వకు ఇచ్చాడు. రెండోది తన రేకుపెట్టెలో పెట్టాడు. మూడోది ధనుంజయ్ చేతికిచ్చాడు. అతను తీసుకున్నాడు, విద్యార్థి అలవాటు కొద్దీ రెండుచేతులతో.

"నాకేమిటికి సారూ గిది? సదువరాదు నాకు" అంది అంజవ్వ.

"చదవక్కరలేదమ్మా. దాచుకో. అడిగినవాళ్ళకి చూపించు. ఎవరికీ ఇచ్చెయ్యకు."

ఆమె దాన్ని చంకలో ఇరికించుకుని, రాతిమీద పసుపుచీర మళ్ళీ కప్పి, అప్పుడు మొదటిసారి అతని మొహం చూసింది. తర్వాత చేతులు చూసింది. మోచేతులదాకా నల్లసిరా. బకెట్టులో అడుగున మిగిలిన నీళ్ళను చెంబుతో ముంచింది.

"చేతులు గడుక్కో సారూ."

అతను వంగి చేతులు పట్టాడు. నీళ్ళు నల్లగా కారాయి.

"మీ అత్తగారు... ఏమైనా అనేదా?"

"ఎప్పుడన్న నీ మాటొస్తే అనేది. సారుకు ఎరికే, భయపడ్డడు, గంతే, అని." అంజవ్వ ఇంకో చెంబు పోసింది. "తిట్టకపోయేది. మేం తిడితే గూడ ఊకోమనేది. భయపడ్డోని మీద ఏం కోపమే అనేది."

ఇరవైఆరేళ్ళ ఉద్యోగమూ, రెండు పుస్తకాలూ, అన్ని సెమినార్లూ ఆ రెండు మాటల్లో పట్టాయి. అతను చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు, సిరా వదలలేదు.

ధనుంజయ్ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. "సార్, తమ్ముడు ఎల్లిపోయిండు. ఇంటికెట్ల పోతరు?" ఆ ప్రశ్నలో మర్యాద ఉంది. ఇంకేమైనా ఉందో లేదో విజయ్‌కుమార్ తేల్చుకోలేకపోయాడు.

జవాబు అంజవ్వ చెప్పింది. "నా ఎంబడి వస్తడు. బస్సు రోడ్డు దాంక తోలొస్త."

ఇద్దరూ ఎండిన కాలవగట్టు వెంట నడిచారు. ఆమె ముందు, చంకలో కాగితపు చుట్టతో. అతను వెనక, రేకుపెట్టెతో. రోడ్డు ఇంకా కిలోమీటరు ఉంది. తోవలో ఒక్క మనిషి లేడు. ఇంటికి ఫోన్ చేద్దామనుకున్నాడు. ఏం చెప్పాలో తెలియక మానుకున్నాడు. ఉదయలక్ష్మి గేటుకు గొళ్ళెం పెట్టిందో లేదో.

వెనక ఎక్కడో మోటారుసైకిలు స్టార్టయింది. ఒకటో, రెండో. చప్పుడు గట్టుమీదికి ఎక్కినట్టు, ఇటే వస్తున్నట్టు వినిపించింది. అతని మెడ దానంతటదే తిరగబోయింది.

"ఎనుకకు సూడకు సారూ" అంది అంజవ్వ, నడక ఆపకుండా, తాను కూడా తిరిగి చూడకుండా. "సూడాల్సింది సూస్తివి గదా."

అతను చూడలేదు. చప్పుడు దగ్గరవుతూ ఉంది. పెట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, ఆమె అడుగులో అడుగు వేస్తూ నడిచాడు.